జిదాన్ జట్టులో ఉన్నట్టా, లేనట్టా

హలో… ఆ, నేనేనయ్యా, వెంకటరావమ్మని. కోటేషు వాళ్ళమ్మని.

కాదు నాయనా… వాడు కాదు. ఫోను వాడిదే. మాట్లాడేది నేను.

…

అయ్యో. పేరు పడేసరికి లేచాడనుకున్నావా.

లేదయ్యా. లేవలా.

కలీమూ… ఇటు విను. ఏడవమాక. నీ పక్కన ఎవరున్నారు? … డ్రైవరా? లారీ పక్కకి ఆపమని చెప్పు. దిగి మాట్లాడు. నేనాగుతాలే.

…

ఆ. దిగావా? ఏ ఊరది? … తుని దాటారా. వైజాగుకేనా సున్నం లోడు?

అయితే రాలేవులే. ఇప్పుడు వెనక్కి తిరిగినా సాయంత్రానికి గుంటూరు చేరలేవు… వద్దు, వద్దు. బస్సెక్కి హడావిడిగా రామాక. నేను పిలిచింది అందుకు కాదు.

మొన్న నువ్వు ఆసుపత్రికి వస్తే మా తమ్ముడు నోటికొచ్చినట్టు అన్నాడంటగా. నేనప్పుడు లోపల వాడి దగ్గరున్నా. బయటికొచ్చేసరికి నువ్వు మెట్లు దిగి పోతున్నావు. పిలిచా. వినపడలేదేమో నీకు.

… అదేం మాటయ్యా! కోల్డు స్టోరేజీలో పని చూపించడం తప్పా? డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి మీ చిన్నాన్నతో చెప్పి పనిలో పెట్టించావు. లారీ మీద మిరప టిక్కీ బస్తాలు సర్దుతుంటే తాడు తెగింది. పైనుంచి పడ్డాడు. నువ్వు తోశావా? … మరి? నాకు తెలుసు, వాళ్ళ నాన్నకి… మీ బాబాయికి తెలుసు. మా తమ్ముడికీ తెలుసు. ఎవరినో ఒకరిని అనాలి గదా, నువ్వు ఎదురుగా కనపడ్డావు.

…

ఊఁ. చెప్తా. అదే చెప్పబోతున్నా.

పొద్దున పెద్ద డాక్టరు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. తలలో ఇంకేమీ లేదంట. … అంటే… పని చెయ్యట్లేదంట. ఊపిరి వాడు తీసుకోవట్లా, మిషను తీసుకుంటంది. గొట్టం తీస్తే… ఆ. అంతే.

ఇంటికి తీసుకెళ్ళండమ్మా అన్నాడు. మంచాయనే పాపం. ఆ మాట అనటానికి రెండుసార్లు నీళ్ళు తాగాడు.

మీ బాబాయి అంబులెన్సు మాట్లాడటానికి కిందకి పోయాడు. మా జ్యోతి కూడా వచ్చేసింది, దర్శి నుంచి. వాడి అక్క రావాలనే ఇప్పటిదాకా ఆగాం. నీ నంబరు అదే తీసిచ్చింది. నాకు ఇంగిలీషు అక్షరాలు తెలియవు గదా.

…

కలీమూ.

… కలీమూ, నేను ఏడుస్తున్నానా? చూడు. ఏడవట్లా. తర్వాత ఎటూ ఏడవాలి. ఇప్పుడు నాకు నీతో పనుంది.

మీ జట్టు చెప్పు నాకు.

అదేనయ్యా, జట్టు! మీరిద్దరూ మిషన్ హాస్టల్లో ఉన్నప్పట్నుంచీ పోట్లాడుకుంటారే. లోకం పుట్టిన దగ్గర్నుంచీ ఫుట్‌బాలు ఆడినవాళ్ళందరిలో పదకొండు మందిని ఏరి… ఆ, డ్రీం టీము. అదే. ఆ పేర్లు కావాలి.

ఎందుకంటే… ఇక్కడ ఒక సిస్టరమ్మ ఉంది, కేరళ పిల్ల. చివరిదాకా చెవులు పని చేస్తాయంటారు, మాట్లాడండమ్మా అంది. నిజమో, నా కోసం అందో… సరే, అంది. అది విని మా ఆడపడుచు పోయి వాడి చెవిలో గోవిందా, గోవిందా అంటంది. నేను చెయ్యి పట్టుకుని ఇవతలకి లాగా.

ఇరవై రెండేళ్ళయ్యా వాడికి! గోవిందా ఏంది? వాడి నోట్లో ఎప్పుడన్నా విన్నావా ఆ మాట? నిద్దట్లో కూడా వాడు కలవరించేది ఆ బంతాట వాళ్ళనే. అవి చెప్తా నేను. వాడికి తెలిసిన పేర్లు.

నువ్వు చెప్పు, నేను అంటా. నాలుగుసార్లంటే వస్తదిలే.

… గోలు కాడ నిలబడేవాడు ముందు. ఆ. యా… యాషిన్. యాషిన్. ఎక్కడాయన? … రష్యానా. ఎప్పుడూ నల్లబట్టలేనా? ఓరి వీడి దుంపతెగ! జ్యోతి పెళ్ళికి పొద్దున్నే నల్లచొక్కా తొడుక్కుని దిగాడయ్యా. పెళ్లింట్లో అదేం రంగురా అని నేను ఒకటే తిట్లు. ఇదీ సంగతని చెప్పొచ్చు గదా.

తర్వాత? … వెనక నలుగురు. చెప్పు. కుడిపక్క కాఫూ. కాఫూ… కాఫీ అనుకుంటే గుర్తుంటదిలే. ఎడంపక్క… మాల్… మాల్దీనీ. … వాళ్ళ నాన్న కూడా ఆడేవాడా? అదే జట్టుకి? బాగుందే. మా ఇంట్లో ఆయన బంతి కనపడితే గడ్డివాములోకి విసిరేసేవాడు. వీడు మళ్ళీ ఎతుక్కొచ్చుకునేవాడు.

నడిమిన ఇద్దరు. బరేసి. … ఇంకొకాయన? బెకెన్… ఏందీ? బెకెన్ బావా?

ఎవరి బావయ్యా?

… బావరా. బెకెన్‌బావర్.

అయ్యో, నవ్వొచ్చింది కలీమూ. వరండాలో అందరూ నన్నే చూస్తున్నారు. చూస్తే చూడనీ.

… ఈయన భుజం జారితే గుడ్డతో చెయ్యి రొమ్ముకి కట్టుకుని ఆడాడా? ఆట అయిందాకానా? వాళ్ళమ్మ చూసుంటే లోపలికెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చేది.

సరే, ముందుకు పద. … గారించా. ఆగు, ఆగు, ఈయన నాకు తెలుసు! కాళ్ళు వంకరాయన. ఒక కాలు పొట్టి. మిరపకోతలకి పోయినప్పుడు పక్క సాలులో కోస్తా చెప్పాడు వీడు. ఆ కాళ్ళతోనే అటు పోతున్నట్టు చూపించి ఇటు పోయేవాడంట. వీడు లేచి సాళ్ళ మధ్య అటూ ఇటూ గెంతి చూపిస్తే కూలోళ్ళంతా కొయ్యటం మానేసి చూశారు. మేస్త్రి వచ్చి కసిరిందాకా ఒకటే నవ్వులు.

… ఆ. ఉన్నా. చెప్పు.

క్రై… ఏందయ్యా ఇది, నోట్లో నిలవదు. క్రైఫ్. క్రైఫ్. … తర్వాత పీలే, మరడోనా. వాళ్ళని నువ్వు చెప్పక్కర్లా. పదేళ్ళ నుంచీ మా వంటింటి తలుపు మీదే ఉన్నారు. మరడోనా మొహానికి పొగ పట్టింది కూడా.

… రొనాల్డో. గుండాయన? ముందొక్క చోట పీచులాగా జుట్టు వదిలినాయన? తెలుసు. వీడూ అట్టానే గొరిగించుకొచ్చాడు గదా ఇంటర్లో ఉండగా. ఊళ్ళో వాళ్ళు తిరపతి పోయొచ్చాడా అని ఒకరు, పోతే ఆ ముందు ముక్క ఎందుకు వదిలారని ఒకరు. మీ బాబాయి రెండు రోజులు అన్నం కాడ మొహం చూడలా.

…

ఇప్పుడు ఆపరేషనుకని మొత్తం తీసేశారు.

… లేదు. ఉన్నా. గాలి పీల్చుకుంటున్నా. అంతే.

ఎంతమందయ్యారు? … పదేనా? ఇంకొకడేడీ?

కలీమూ? … ఏందయ్యా, లైను పోయిందా?

… తేలలేదా? ఏం తేలలా?

… జిదాన్. జిదాన్ అంటే… ఆగు. మొన్న ప్రపంచ కప్పు ఫైనల్లో ఎదుటివాడి రొమ్ము మీద పొట్టేలు లాగా తలతో గుద్దాడే, ఆయనా? టీవీలో వద్దన్నా అదే చూపించారు. ఆయన్ని ఉంచాలని ఎవరు? … వీడా. తీసెయ్యాలని నువ్వా.

… దాని గురించా మీకు మాటల్లేవు! అయ్యో, నాయనా. ఎన్నాళ్ళు? … పడ్డ రోజుకి వారమా.

అదీ సంగతి. ఆ వారమంతా ఫోను చేతిలో పట్టుకుని తిరిగాడు. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కనే. ఎవరిదిరా ఫోను అంటే ఎవరిదీ లేదమ్మా అనేవాడు. ఏ పిల్లదో అనుకున్నా నేను.

…

ఏడువు. ఏడిచి చెప్పు. నేనాగుతా.

… నువ్వే చేద్దామనుకున్నావా? ఎవరు ముందు చేస్తే ఏంలే. వాడూ చెయ్యలేదుగా. ఇద్దరికీ పొగరే.

… ఏందీ? ఒప్పుకున్నానని చెప్పాలా? జిదాన్ ఉంటాడని?

నిజంగా ఒప్పుకున్నావా?

… కాదు, నన్ను చూసి చెప్పమాక. వాడు పోతున్నాడని చెప్పమాక. వాడు బాగుండి, ఇప్పుడు నీ పక్కన లారీలో కూర్చుని ఉంటే ఏమంటావు?

… తీసెయ్యాలనే అంటావా.

నన్నడిగితే నాకేం తెలుసయ్యా. … అడిగావు గాబట్టి చెప్తున్నా. అన్నేళ్ళు ఆడాడు గదా ఆయన. ఒక్క నిమిషం చూసి మనిషిని తీసేస్తారా? … ఊఁ. … ఊఁ, నీదీ న్యాయమేలే. కెప్టెనంటున్నావు. మిగతా పదిమందీ ఆయన్ని నమ్ముకుని ఆడుతుంటే నడిమధ్యలో వదిలేసి పోకూడదు. ఎంత గొప్పోడైనా సరే… అట్టా వదిలేసి…

పోకూడదు.

…

…

ఆ. ఉన్నా.

అదిగో, మీ బాబాయి మెట్ల కాడ నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. అంబులెన్సు వచ్చింది కాబోలు. … వస్తున్నానయ్యా! ఒక్క నిమిషం! కలీము! ఫోన్లో కలీము!

నేను ఒకసారి అంటా, సరిగ్గా ఉందో లేదో చూడు. యాషిన్. కాఫూ. బరేసి… బెకెన్‌బావర్. మాల్దీనీ. గారించా. క్రి… క్రా… తర్వాత పీలే. కాదు, అంతకుముందు… ఇందాకే గదా అన్నా. నా తలకాయ్…

రావట్లేదయ్యా. అన్నీ కలిసిపోతున్నాయి.

… నువ్వా? లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. మిషన్లకి ఏదో అయితదంట. … ఉండు. అడిగి చూస్తా. పెట్టెయ్యమాక.

అమ్మా, సిస్టరమ్మా… ఒక్క మాట. వీడి స్నేహితుడమ్మా. చిన్నప్పట్నుంచీ ఒకే కంచం. రాలేని దూరంలో ఉన్నాడు. చెవి కాడ పెడతా, కాసేపే… ఇంక ఆ మిషన్లకి ఏమైతే ఏంలే తల్లీ, ఎటూ తీసేసేవేగా.

…

కలీమూ, రమ్మంది. చెప్పులు విడిచి పోతున్నా. ఉన్నావుగా?

జ్యోతీ, ఆ కుర్చీ ఇటు లాగు. వదినా, నువ్వు కాస్త జరుగు. కలీము మాట్లాడతాడంట. … నీకోసం కాదు, వాడి కోసం. జరుగు.

ఏమయ్యా, అంబులెన్సు ఆగుద్దిలే. నువ్వు కూడా వచ్చి ఇట్టా నిలబడు. ఆ కాలి మీద చెయ్యి వెయ్యి.

… ఇను కలీమూ. ఎడం చెవికి కట్టుంది. కుడిచెవి కాడ పెడతా. గుసగుసలాడమాక. హాస్టలు వరండాలో అరిచినట్టే అరువు. అందరి పేర్లూ చెప్పు, తర్వాత జిదాన్ కాడికి రా. ఒప్పుకోవద్దు. ఇప్పుడు సరేరా, నీ ఇష్టం అన్నావనుకో, వాడికి తెలిసిపోద్ది. నువ్వు వాడి మాటకి ఎప్పుడు సరే అన్నావు గనక? ఏదో అయిందనుకుని భయపడతాడు. భయపడనీయమాక నా కొడుకుని. నీకు ఏది న్యాయమో అదే చెప్పి పోట్లాడు.

… తిట్టు. తిడితే తిట్టు, వాళ్ళ నాన్న ఉన్నాడని చూడమాక.

గొంతు సవరించుకున్నావా? … ఇంకొకసారి. … ఆ. ఇప్పుడు బాగుంది.

నాయనా… కోటేషూ. నేనురా, అమ్మని. కలీము ఫోను చేశాడు. వాడే చేశాడు. జిదాన్ని తీసెయ్యాల్సిందే అంటున్నాడు. … ఇదిగో, పెడుతున్నా.