ఎక్కడికని అడగకూడదు

"పేరు కొట్టమంటంది బావా. ఏటి కొట్టమంటావ్?"

"ఎవులి పేరురా?"

"ఆటలో నీ మనిషి పేరు. ఈడే నువ్వన్నమాట. కొండలెక్కొచ్చు, అడవుల్లో తిరగొచ్చు, రాచ్చసుల్తో కలబడొచ్చు. ఎటు బుద్ధి పుడితే అటు ఎల్లిపోవచ్చు."

"సూరన్నని కొట్టు."

"నీ పేరు కొడతాను బావా."

"నా పేరెందుకు? నానిక్కడే ఉన్నాను గదా. మా తమ్ముడి పేరే కొట్టు."

ద్వారకా నగర్‌లో గణేష్ పనిచేసే గేమ్స్ సెంటరు. తుఫాను వెలిసింది గాని, బావ దాలయ్య తమ్ముడు సూరన్న చేపల వేటకు వెళ్ళిన బోటు మాత్రం ఇంకా హార్బరుకు రాలేదు. కాస్త మనసు మళ్ళుతుందంటూ పొద్దున్నే అక్క మొగుణ్ణి బలవంతాన ఇక్కడికి లాక్కొచ్చాడు గణేష్.

"ఒలమ్మో! ఏట్రా గణేసూ, ఇంత పెద్దూరు! ఆ కొండ ఉత్తి బొమ్మేనా?"

"కాదు. నడిస్తే అక్కడిదాకా పోవచ్చు."

"కొండెనక?"

"ఇంకో ఊరు. దానెనక ఇంకోటి."

"మరి ఏ కొండని సూసి ఇంటికొత్తార్రా? మనకైతే యారాడ కొండ కంటికి ఆనితే సాలు, ఇల్లు సేరిపోయినట్టే."

"మ్యాపు ఉంటాది బావా."

"సూరన్నకి మ్యాపెందుకు? కొండ సాలు ఆడికి... కొండ కనపడాల గానీ. తుఫాన్లో కనపడదు గదరా."

"అటు సూడకు. ఇటు, ఈ బాణం గుర్తు నొక్కు. అదీ. కోట గుమ్మం దాకా నడిపించు."

"ఈడెవడు, బల్లెం పట్టుకుని?"

"కాపలావోడు. ఎక్కడికెల్తన్నావని ఇంగ్లీషులో అడుగుతన్నాడు."

"సీ! బయల్దేరిన మడిసిని ఎక్కడికని అడుగుతాడేటి? ఈడికి పెద్దోల్లెవులూ నేరా? తిప్పు, ఎనక్కి తిప్పు!"

"ఆటే బావా—"

"ఆటయితే? కూసేపు కూకోబెట్టాల, మంచినీల్లు తాగించాల, అప్పుడు పంపాల. మీ ఇంట్లో సెయ్యరేటి?"

"సేత్తాం. ఇదిగో, ఈ బల్ల మీద కూకున్నాడు."

"నీల్లు?"

"సంచీలో మందుంది. అది తాగించేను."

"సారానా?"

"కాదు బావా, దెబ్బలకి తాగేది."

"ఆఁ. అయితే ఇప్పుడు పోనీ. నీ ఫోను మోగుతంది."

"మోగనీ."

"మీ అక్కేమో సూడు."

"అక్క కాదు, కస్టమరు. నువ్వు ముందుకి సూడు."

"ఆగాగాగు! నీల్లు! సెరువా, సముద్రమా?"

"సముద్రమే. ఈదొచ్చు బావా, బాగుంటాది—"

"వొద్దు."

"బొమ్మ నీల్లే—"

"వొద్దన్నానా! సూరన్నని నీల్లలోకి దింపను. ఎంత దూరమైనా ఒడ్డెంటే నడిపిత్తాను."

"సరే, ఒడ్డెంటే ఎల్లు."

"ఇందులో తుఫానొత్తాదేటి?"

"వాన పడతాది. అంతే."

"ఎంత గాలిలోనూ బోటు మీద నాకిలాగవ్వలేదు. బయమేత్తంది గణేసూ."

"బావా, తోడేలు! ఎనక్కి! కత్తి తియ్యి, ఎడమపక్క నొక్కు!"

"ఏది? ఏదిరా? ఒలమ్మో, పడిపోనాడు! సూరన్న పడిపోనాడు! లేపరా! లేపు, లేపు!"

"లేత్తాడు, లేత్తాడు. ఇందాకే సేవ్ సేసేను. ఇదిగో, కోట గుమ్మం కాడ ఉన్నాడు సూడు."

"బతికేడా?"

"ఆఁ."

"దెబ్బయినా నేదు... ఎన్నిమార్లు పడినా ఇలాగే లేత్తాడా?"

"లేత్తాడు బావా."

"ఏట్రా, నువ్వేడుత్తన్నావేటి?"

"ఏడవడమేటి? రోజూ ఈ కంప్యూటర్లు సూసి సూసి కల్లు మండుతన్నాయి."

"మల్లీ ఫోను. తియ్యరా."

"తరవాత తీత్తాను."

"నువ్వు తియ్యవు, నన్ను తియ్యనివ్వవు. పొద్దున్నుంచి హార్బరు దిక్కు సూడనివ్వలేదు. మద్దేన్నానికి వైర్‌లెస్‌లో కబురు తెలుత్తాదన్నారు. నాను వత్తానురా."

"ఆట మజ్జిలో వదిలేత్తావా?"

"ఆడు ఆ గుమ్మంలోనే ఉండనీ. ఎవులూ నీల్లలోకి దింపకండా నువ్వు సూసుకో. నాను పోయొత్తాను."

"ఎక్కడికి బావా?"

"ఒరే! బుద్దుందా నీకు? గడప దాటుతుంటే ఎక్కడికంటావేటి? ఇందాకే గదరా సెప్పేను!"

"సెప్పేవు. తెలిసే అడిగేను బావా. ఎనక్కి రా. ఇలా కూకో. ముందీ మంచినీల్లు తాగు... పొద్దున్నే బోటు దొరికింది. బోటొక్కటే."