చివరిసారి చదివిన పుస్తకాలు

అధ్యక్ష స్థానంలో ఉన్న గ్రంథాలయ కమిటీ చైర్మన్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయని ఎంత బతిమాలినా వినకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మిత్రులకు, చేతిలోని పూలగుత్తిని ఒళ్లో పెట్టుకోవాలో పక్కన పెట్టాలో తేలక ఇందాకటి నుంచి అవస్థ పడుతున్న మా లైబ్రేరియన్ మేడంకి నమస్కారం.

మేం చాటుగా ఆవిడకి పెట్టుకున్న పేరు నిశ్శబ్దం మేడం. ఈ హాల్లో ఆవిడంత గట్టిగా అరిచేవాళ్లు ఇంకెవరూ లేరు, అరిచేదేమో ‘నిశ్శబ్దం!’ అని. (నవ్వులు) చూశారా, ఇప్పుడు కూడా చూపుడువేలు పెదాల మీదికి వెళ్లిపోయింది. ఈ ఒక్క పూటకీ మమ్మల్ని వదిలెయ్యండి మేడం.

ఏటా ఈ రోజుల్లో ‘ఈ ఏడాది నేను చదివినవాటిలో నాకు నచ్చిన పుస్తకాలు’ అంటూ ఇదే హాల్లో నిలబడి మీ బుర్రలు తినడం నాకు అలవాటు. ఈసారి ఆ సభా, ఈ వీడ్కోలు సభా ఒకటైపోయాయి. మీ గురించి ఏం చెప్పమంటారు మేడం అని అడిగితే, “నా గురించి ఏముందిలే, చదివినవాటి గురించి చెప్పు. కాస్త తొందరగా ముగించు” అన్నారు. చెబుతాను. కాకపోతే చిన్న ఇబ్బంది ఉంది. ప్రతిసారీ నా మాటలు అయీ అవకముందే మీలో కొందరు లేచి కౌంటర్ దగ్గరికి పరుగెత్తేవారు. ఈసారి లేవకండి. నేను చెప్పబోయే పుస్తకాలన్నీ వెనక గదిలో మూటలు కట్టి ఉన్నాయి. రేపు పొద్దున లారీ వస్తుంది, కాగితం మిల్లుకి తీసుకెళ్లిపోతుంది.

మేడంతో పాటు పుస్తకాలు ఇచ్చే విభాగం కూడా రిటైరవుతోందని మీకు తెలుసు. ఈ హాలు ఇకమీదట పరీక్షలకు చదువుకునేవాళ్లది. వాళ్లకి ఇంట్లో చోటు లేదు, ఇక్కడ ఫ్యానూ వెలుతురూ ఉన్నాయి. ఇది తప్పని నేను అనలేను. అనగలిగితే కొంచెం తేలిగ్గా ఉండేది, కోపం తెచ్చుకోవడానికైనా ఒక మనిషి దొరికేవాడు.

తెలియనివాళ్ల కోసం మేడం పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ పుస్తకాన్నయినా అల్మారాలోంచి తీసేసే ముందు ఎవరో ఒకరి చేత పూర్తిగా చదివించేవారు. ఏ రూల్లోనూ లేదు, ఆవిడ సొంత పద్ధతి. “ఎవరూ చూడకుండా పంపెయ్యడం బాగోదమ్మా” అనేవారు. ఇదివరకు ఏడాదికి ఏవో కొన్ని ఉండేవి. ఈసారి అన్నీ తీసెయ్యమని ఉత్తర్వు వచ్చేసరికి అలవాటుగా వచ్చేవాళ్లందరికీ పంచారు. అన్నిటికీ మనుషులు చాల్లేదు, అది వేరే సంగతి. అదిగో, బస్సులు నడిపి నడిపి రిటైరైన మా డ్రైవర్ బాబాయ్, ఆయన వంతుకి కవిత్వం వచ్చింది. “అమ్మాయ్, ఈయన ఎక్కిన దగ్గర్నించి ఏడుస్తూనే ఉన్నాడు, మధ్యలో ఒక్క స్టాపైనా లేదు” అన్నారు నాతో. అయినా చివరిదాకా చదివారు.

నా వంతుకి వచ్చినవాటిలో నీటి పైపుల ఇంజినీరు ఒకాయన రాసిన పుస్తకం ఉంది. పైపు ఎక్కడ కారుతోందో రాత్రివేళ రోడ్డు మీద ఇనపకడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని ఎలా వినాలో అందులో ఒక అధ్యాయమంతా రాశారు. అది చదివాక వీధిలో నడుస్తుంటే కాళ్ల కింద ఊరంతా కారిపోతున్నట్టే ఉండేది నాకు. ఇంకొకటి నవల, మొదటి పేజీలు ఊడిపోయాయి, రాసిందెవరో తెలియదు. సగం వరకూ, నిజం చెప్పాలంటే, విసుగే. ఒకావిడ ఇంటి కోసం అక్కాచెల్లెళ్లతో జీవితమంతా కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి గెలిచి, సాయంత్రం తాళం తీసుకుని ఒక్కతే లోపలికి వెళుతుంది. లైటు స్విచ్చి ఎక్కడుందో తెలియక గోడలు తడుముకుంటూ ఉండగా నవల అయిపోతుంది. పుస్తకం మూసి వంటగదిలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అన్నిటికన్నా నచ్చింది, హాస్టల్లో వంట చేసిన ఒకావిడ స్వీయకథ. పిల్లల పేర్లు ఆవిడకి గుర్తులేవు, ఎవరు కంచంలో ఏం వదిలేసేవారో మాత్రం గుర్తుంది. ఆ వదిలేసినదాన్ని బట్టే ఎవరికి ఇంటి మీద బెంగ, ఎవరికి జ్వరం రాబోతోంది, ఎవరు ప్రేమలో పడ్డారు అన్నీ చెబుతుంది. పని మానేశాక ఒక్కదానికి ఎంత వండుకోవాలో కొలత తెలియక గిన్నెడు వండి ఏడ్చానని రాసింది. ఇలాంటి వాక్యం ఒక్కటి రాయగలిగితే చాలని ఇన్నేళ్లుగా నేను కాగితాలు ఖరాబు చేస్తున్నాను.

చదివిన ప్రతి పుస్తకాన్నీ కౌంటర్ మీద పెట్టి వాదించేదాన్ని. “మేడం, ఇది పోకూడదు.” ఆవిడ శ్రద్ధగా వినేవారు, “అలాగా” అనేవారు, ఎడం పక్క అల్మారాలో పెట్టేవారు. ఆ అల్మారా నిండుతూ ఉంటే నాకెంత గర్వమో! ఈ ఏడాది నేను సొంతంగా ఒక్క పేజీ రాయలేదు. “నీ నవల ఎంతవరకు వచ్చింది?” అని మా ఆయన అడిగితే, “నాదెక్కడికి పోతుంది, ముందు వేరేవాళ్లవి కాపాడనీ” అన్నాను. ఏమండీ, అన్నానా లేదా? (నవ్వులు)

పోయిన వారం వచ్చి చూస్తే ఎడం పక్క అల్మారా ఖాళీ.

“ఇవి ఉంచుతామన్నారు కదా మేడం?”

“ఎవరన్నారు?”

“నేను చదివి బావున్నాయని చెప్పాను కదా! ఎడం పక్కన పెట్టారు కదా!”

“చదవడం అయిపోయినవి అక్కడ పెడతాను. చివరిసారి చదవడమంటే చివరిసారేనమ్మా. ఇన్నేళ్లుగా వస్తున్నావు, నీకు తెలుసనుకున్నాను.”

నేను వాటి తరఫు ప్లీడర్ననుకున్నాను. కడచూపుకి వచ్చిన చుట్టాన్నని తెలియలేదు.

నేను రాసినవీ ఆ మూటల్లోనే ఉన్నాయి. ఎవరి వంతుకి వచ్చాయో అడగలేదు. డ్రైవర్ బాబాయ్ ఎందుకో ఫ్యాను వంక చూస్తున్నారు. సర్లే బాబాయ్, అర్థమైంది. (నవ్వులు)

నవ్వుతున్నాను గానీ మిత్రులారా, ఆ రోజు నుంచి పెన్ను పట్టుకోవాలంటే చెయ్యి రావడం లేదు. ఎంత బాగా రాసినా, ఎంత ప్రేమగా చదివినా, వెళ్లేది ఎడం పక్కకే అయితే ఎందుకని. సభలో చెప్పాల్సిన మాట కాదు. వేరే మాట ఏదైనా దొరుకుతుందేమోనని వారమంతా చూశాను, దొరకలేదు.

ఆ రోజు మేడంని ఒక్కటే అడిగాను. ఆ వంటావిడ పుస్తకం నాకిచ్చెయ్యండి అని. ఎలాగూ లారీకెక్కేదే కదా. మన చైర్మన్ గారు కూడా, “ఒకటి తీసుకుంటే ఎవరు చూడొచ్చారమ్మా” అన్నారు. మేడం ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పలేదు. ఆవిడ మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు, ఆ కోపంతోనే ఇవాళ ఈ మైకు దగ్గరికి వచ్చాను. మేడం, మీ ఉద్యోగం ఈ సాయంత్రంతో అయిపోతుంది. అందరి ముందూ మళ్లీ అడుగుతున్నాను. ఆ ఒక్క పుస్తకం ఇస్తారా?

(లైబ్రేరియన్ కూర్చున్నచోటి నుంచే ఏదో అంటారు.)

వెనకవాళ్లకి వినపడి ఉండదు, నేను చెబుతాను. “ఒకటి తీసి నీ చేతిలో పెడితే, మిగతావన్నీ నేనే ఏరి పారేసినట్టు అవుతుంది. అది నావల్ల కాదమ్మా. అన్నిటినీ ఒక్కలాగే వెళ్లనీ.” ఇదీ ఆవిడ అన్నది.

మేడం, నచ్చినవి ఏరుకోవడమే ఇన్నేళ్లూ నా పని. ఏరగా మిగిలినవాటితో రోజంతా ఒంటరిగా కూర్చున్నది మీరు. నా కోపం పోయింది, అది ఉన్నప్పుడే కాస్త నయంగా ఉండేది.

చెప్పాల్సిన పుస్తకాలు ఇంకా ఉన్నాయి, చెప్పను. ఈ అవకాశమిచ్చిన కమిటీకీ, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మూటలు బరువుగా ఉన్నాయి, మీ నడుం సంగతి నాకు తెలుసు మేడం. రేపు పొద్దున లారీ వచ్చేసరికి నేనూ వస్తాను, ఒక పక్క పట్టుకుంటాను. అంతవరకూ అందరి దగ్గరా సెలవు.