బ్యాటరీ తీసిన పొద్దు

తాతబ్బాయి షిప్పు ఇంజన్‌రూములో పనిచేస్తాడు. నెల్లాళ్ళ తర్వాత నిన్ననే సముద్రం పక్కనున్న ఆస్టినాబాద్‌లో తన ఇంటికొచ్చాడు. పొద్దున్నే కారు బానెట్ ఎత్తాడు. పెళ్ళాం సీతాలు గుమ్మంలో నిలబడింది.

"పదింటికి కారు కావాలని రాత్రే సెప్పినాను కదా మావా."

"అయిపోనాదే. ఉప్పుగాలికి బ్యాటరీ మీద పచ్చగా తుప్పు కట్టీసింది. వైర్లు తీసి, సాఫ్ చేసి, మళ్ళీ పెట్టీసినాను."

"దేంతో తోమినావు?"

"వంటసోడా, బ్రష్షు."

"ఆ బ్రష్షు నాది."

"పాతదనుకున్నాను," అంటూ తాతబ్బాయి తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"పొద్దున్న కూడా పళ్ళు తోముకున్నాను. సర్లే." సీతాలు వచ్చి కారు తలుపు తీసి లోపలికి వంగింది. "కారులో గడియారం పన్నెండు సూపిస్తంది."

"బ్యాటరీ తీస్తే అంతే. మళ్ళీ పెట్టుకోవాల."

"రేడియో?"

"కోడ్ అడుగుతంది."

"ఏటా కోడ్?"

"అదే... ఎతకాల."

"బాగుంది. కిటికీ అద్దం పైకెల్లి మళ్ళీ దిగిపోతందేటి?"

"స్విచ్చి థోడా నొక్కి పట్టుకోవాల."

"ఎంతసేపు?"

"దానికి తెలివొచ్చీదాకా."

"నీకొచ్చీలోగా వస్తాదిలే. ఇంజనేటలా దగ్గుతంది? ఇందాక ఆగిపోనాది కూడా."

"అందులో కంప్యూటరుంటాదే. తోలేవోడి కాలు ఎలాగుంటాదో గుర్తెట్టుకుంటాది. బ్యాటరీ తీస్తే మర్సిపోతాది. నాలుగు రోజులు తోలితే నా కాలు మళ్ళీ నేర్సుకుంటాది."

"నీ కాలేనా?"

"మరెవరిది? నెల్లాళ్ళు కదలకుండా పడున్నా ఒక్క తాళానికే స్టార్టయింది. నా మెయింటెనెన్స్ అలాంటిది."

"అవునవును. బంగారం లాటి సేతులు."

"టెన్షన్ మత్ లో. ఇయ్యాలకి ఆటోలో ఎల్లిపో."

"ఆటో పనికిరాదు."

"కారైతే గానీ మేడమ్ గారు కదలరేటి?"

"కదల్లేను. ఇయ్యాల తప్పితే మళ్ళీ నెలకి గానీ పిలవరు."

"ఎవరు?"

"పిలిసేవోళ్ళు."

"ఏటే ఆ కంగారు?" తాతబ్బాయి ఇంజన్ ఆపి తాళం తీశాడు.

"బయమేస్తంది మావా. ఇది ఇలా దగ్గితే అక్కడ నా పరువు పోతాది."

"కారు దగ్గితే నీ పరువేటి? పద, నేనే దించుతాను. మధ్యలో ఆగినా నేనున్నాను."

"నువ్వు పక్కన కూకో."

"మరి తోలీదెవరు?"

"నెల్లాళ్ళూ అది నేర్సుకున్నది నా కాలే మావా. పదింటికి డ్రైవింగ్ టెస్టు. తాళం ఇయ్యి."