సినిమా నడుమల లేచొచ్చిన

"అమ్మమ్మా, సినిమా నడుమల ఎందుకు లేచొచ్చినవ్? మోకాళ్లు నొస్తున్నయా?"

మోకాళ్లా? అవి రోజు నొస్తయి గానీ, దానికి కాదు బిడ్డా. జర ఆ కిటికీ తెరువు, ఇంటికొచ్చినా గాలి ఆడతలేదు. కూసుందామంటె కూసోబుద్ధి అయితలేదు, నిలబడదామంటె కాళ్లు గుంజుతున్నయ్. సినిమా మంచిగనే తీసిండ్రు, నేను కాదంటలేను. ఆ మంచు, ఆ గుట్టలెక్కుడు, అన్ని నిజంగ జరిగినయే అని మొదట్లనే రాసిండ్రు గద, నువ్వే చదివి చెప్పినవ్. అవ్‌గానీ, ఆ పాప్‌కార్న్‌కు గంత తీసుకుంటడా వాడు? మా కాలంల ఆ పైసలకు ఇంటిల్లిపాది సినిమా చూసి, మిర్చి బజ్జీలు తిని, రిక్షాల ఇంటికొద్దుము. సరే, అది వేరే ముచ్చట.

ఆ ఫౌజు ఆఫీసరు వస్తడు చూడు, ఆ తల్లి తలుపు తీస్తది. నీ కొడుకు ఇగ లేడమ్మా అంటడు. ఆమె గట్టిగ నిలబడి సెల్యూట్ కొడ్తది, హాలంత సప్పట్లు. గక్కడ లేచిన నేను. మా ఇంట్ల గట్ల కాలేదు.

మా తమ్ముడు శీను నీకు తెల్వదు, ఫొటోలనే చూసినవ్. ఫౌజుల ఉండె, గిసుంటి గుట్టల మీది లడాయికే పోయిండు. నాకంటె పదమూడేండ్లు చిన్నోడు, నా సంకల పెరిగినోడు. పట్నంల ఛత్రినాక కాడ మా అమ్మోళ్లింట్ల ఫోన్ లేకుండె, గల్లీ మొగదల సేటు కిరాణ దుకాణం నంబరే రాసుకొని పోయిండు. మా అమ్మేమో మొక్కుకున్నది, ఈ ఏడు చెప్పులు లేకుంట నేనే బోనం ఎత్తుకుంట, నా కొడుకును సల్లగ చూడు తల్లీ అని. అప్పటికే షుగరు ఆమెకు. వద్దంటె ఇంటదా?

పండుగకని నేను పుట్టింటికొచ్చిన. శనివారం... కాదు కాదు, బోనాల ఆదివారమే, పొద్దుగాల. బోనంల బెల్లం తక్కువైందంటె దుకాణానికి పోయిన. నన్ను చూసి సేటు ఫోన్ చేతికిచ్చిండు. అవతల శీనుతోటి ఫౌజుల ఉండే దోస్తు. దీదీ అన్నడు, శీను పేరు చెప్పి ఏడ్సిండు. నాకు సమజైంది. సేటుకు చేతులు జోడించిన, మా అమ్మకు చెప్పకురి అని.

ఎందుకంటె, మైల ఇంట్ల బోనం ఎత్తొద్దు, నీకెరికే గద. సావు కబురు గడప దాటిందంటె పొయ్యి ఆర్పుడే. ఇంటికొచ్చేసరికి మా అమ్మ కుండకు పసుపు పూసి, సున్నం బొట్లు పెట్టి, వేపాకు కట్టుకుంట కూసున్నది. బెల్లం ఏదే అన్నది. ఇచ్చిన. గంతే, చెప్పలే. ఈ ఒక్క పూట కొడుకు ఉన్నడనే అనుకోనీ అనుకున్న. ఈ చేతులతోనే బోనం ఆమె నెత్తి మీద పెట్టిన.

గుడి కాడ ఎనుకనే ఉన్న నేను. నా కొడుకును సల్లగ చూడు తల్లీ అని పైకే మొక్కుతున్నది. చెవులు మూసుకుందామంటె నా చేతుల అమ్మవారి ముంగట సాక నీళ్లు పోసే చెంబు. జర నీళ్లియ్యి బిడ్డా.

సాయంత్రం చెప్పిన. ఏడ్సి ఏడ్సి, ఆఖరికి ఒక్కటే అడిగింది. "నీకెప్పుడు తెలిసిందే?"

"ఇప్పుడేనమ్మా" అన్న.

దాని తర్వాత పన్నెండేండ్లు బతికింది. ఇంటికొచ్చిన ప్రతి మనిషికి అదే చెప్పుకునేది. నా బోనం అందుకున్నంకనే అమ్మవారు ఆ కబురు రానిచ్చింది, నా చేతి బోనాన్ని మైల కానియ్యలే అని. దాని మీదనే బతికింది మా అమ్మ. ఎట్ల చెప్పాలె నేను? పోయే ముందు గూడ నా చెయ్యి పట్టుకొని అదే మాటన్నది. నోటిదాంక వచ్చింది నాకు. మింగిన.

పాపం చేసిన్నో, మంచి చేసిన్నో, ఇప్పటికి తెల్వదు. బోనాలొస్తె అమ్మవారి ముఖం దిక్కు చూడబుద్ధి కాదు, తల వంచుకొని వస్త. ఆ సినిమాల తల్లికి ముఖం మీదనే చెప్పిండ్రు. ఆమె కొడుకు కోసం ఆమె ఏడ్వచ్చు, నిలబడొచ్చు, ఏదన్న చేయొచ్చు. మా అమ్మను సచ్చినోని కోసం మొక్కనిచ్చిన నేను. నీకే మొదలు చెప్తున్న, మీ అమ్మకు గూడ తెల్వదు.

నువ్వు సల్లగ ఉండు నా తల్లీ, మస్తు ఏండ్లు బతుకు. నా దగ్గర మాత్రం ఏదీ దాచకు. కష్టమొచ్చిన, ఏమొచ్చిన, ముసల్ది తట్టుకోదు అనుకోకు. నా నెత్తి మీద బోనం ఉన్నా సరే, దించి చెప్పు.