బాస్ పెట్టె బేరం

భర్త పోయాక సౌండు సెట్టు బాడుగకిచ్చి బతుకుతున్న ఆమె, తన పెద్ద బాస్ పెట్టెను అమ్మితే ఎంతొస్తుందో అడుగుదామని బెంగళూరు నగర్తపేటలోని స్పీకర్ల అంగట్లో దించి, టీ తాగి వచ్చింది.

"ఈ చిన్నది తీసుకుని అది ఇచ్చెయ్ అక్కా. అంత పెద్దది ఇప్పుడెవరికి కావల్ల?" అన్నాడు అంగడతను.

"ఎవరికీ వద్దంటే నీకెందుకప్పా?"

"నీకు నడుం నొప్పి కదా అని."

"నా నడుం మీద అంత దిగులా? లోపల స్పీకరు బాగుండాదా?"

"మూసిన పెట్టె. నాకేం తెలుసు? పోయిందనే అనుకో."

"వెనక స్క్రూల మీద ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమ ఇందాక ఉండె. ఇప్పుడు లేదే."

"దుమ్ముంటే తుడిచినాలే అక్కా."

"పెట్టంతా దుమ్మే ఉండాది. స్క్రూలొకటే తుడిచినావా?"

అతను గుడ్డ తీసి పెట్టె మీది దుమ్ము తుడవబోయాడు.

"తెరిచి చూసినాక కూడా అడుగుతుండావంటే స్పీకరు బాగుండాదనేగా. ఒక చెయ్యి వెయ్యప్పా, ఆటోలోకి ఎక్కిద్దాం."