రెండో చరణం

టెనెసీ కొండదారి పక్క కాఫీ హోటల్లో, పాటలపెట్టెలో లారీవాళ్ల పల్లెపాట మొదలవగానే, కాఫీ పోస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మీకూ ఈ పాటంటే ప్రాణమా?" అన్నాడు బల్ల దగ్గరి డ్రైవరు.

"మా ఆయన పాడేవాడు. మీకో?"

"తొమ్మిదేళ్ల కింద ఈ దిగుడులో ఎవడో డ్రైవరు, మా లారీవాళ్లం ఒకళ్లతో ఒకళ్లం మాట్లాడుకునే రేడియోలో పాడాడమ్మా. ఏం గొంతనుకున్నారు! ఇంకో చరణం పాడరా బాబూ అని ప్రాణం తీశాను. సగంలో ఆపేశాడు, దొంగవెధవ."

"పాడినంతసేపూ మైకు బటన్ నొక్కి పట్టుకోవాలిగా?"

"మరి! ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో స్టీరింగు."

"మరి ఈ దిగుడులో గేరెలా మార్చడం?"

అతను కప్పు దించాడు. పాట సాగుతూనే ఉంది.

"కింద మలుపులో, ఎవరో పోయినచోట పాతిన ఆ శిలువ... ఎవరిదమ్మా?"

"కాఫీ చల్లారిపోతుంది, తాగండి," అందామె. "రెండో చరణం వస్తోంది."