గొంతు చూపులు

నెల్లాళ్లు ఫోన్లో మాట్లాడిన డబ్బింగ్ కళాకారుడు తిరువూరు బస్టాండు ఎదుటి జ్యూస్ కొట్లో ఎదురుగా కూర్చున్నా, ఆమెకు అంతా అయోమయంగానే ఉంది.

“ఫోన్లో గంభీరంగా మాట్లాడింది మీరేనా అండీ?”

“నేనేనండి. అది సీరియల్లో పోలీసాఫీసరుకి చెప్పే గొంతు.”

“మరి ఇందాక మామిడి జ్యూస్ అడిగింది?”

“కార్టూన్లో ఎలుగుబంటిదండి. కంగారులో వచ్చేసింది.”

“రేపు పెళ్లిచూపుల్లో మా నాన్న ఎవర్ని చూడాలి? పోలీసునా, ఎలుగుబంటినా? అసలు మీ సొంత గొంతేదండీ?”

“బాగా సన్నగా ఉంటుందండి. నవ్వుతారని దాచాను.”

“నవ్వను. ఏదో ఒకటి మాట్లాడండి.”

అతను రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“మీరు... కాదంటారేమోనని భయంగా ఉందండి.”

సన్నగా, వణుకుతూ వచ్చిందా మాట. ఆమెకు నవ్వు రాలేదు.

“రేపు ఇతన్నే తీసుకురండి. మిగతా ఇద్దర్నీ స్టూడియోలోనే ఉంచండి.”